ప్రశ్నలకు మిగిలిన సమయం: ఒక రాజనీతిశాస్త్ర సదస్సుపై సమీక్ష

హైదరాబాద్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్ర విభాగం మూడు రోజుల పాటు నిర్వహించిన సదస్సుకు మా డిగ్రీ కళాశాల నుంచి 18 మంది విద్యార్థులను వెంటబెట్టుకుని వెళ్లాను. మొదటి రోజు అంతర్జాతీయ రాజకీయాలు, రెండవ రోజు ఉద్యోగావకాశాలు, మూడవ రోజు వాతావరణ న్యాయం, అంటే వాతావరణ మార్పు నష్టాన్ని ఎవరు భరించాలన్న చర్చ. నమోదు రుసుము ఒక్కొక్కరికి 300 రూపాయలు. మధ్యాహ్న భోజనం, ఫైలు, పెన్ను, సర్టిఫికెట్ అందులోనే. ఇటువంటి సదస్సుల గురించి తోటి అధ్యాపకులు మొట్టమొదట అడిగేది సర్టిఫికెట్ ఇస్తారా అనే గనుక, ఇస్తారని ముందే చెప్పేస్తున్నాను. నేను మాత్రం సదస్సు మంచిచెడ్డలను, వక్త ముగించిన తరువాత విద్యార్థుల ప్రశ్నలకు ఎంత సమయం మిగిలిందన్న దానిని బట్టి నిర్ణయిస్తాను.

ఆ లెక్కన మొదటి రోజుకు పాస్ మార్కులు కూడా రావు. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనా గీతం, వేదికపై ఉన్న తొమ్మిది మంది పరిచయాలు, శాలువాలు, జ్ఞాపికలు, ఒక్కొక్క శాలువాకు ఒక ఫోటో వరుసగా నడిచి, పదిన్నరకు మొదలు కావలసిన ఉపన్యాసం పావు తక్కువ పన్నెండుకు మొదలైంది. వక్త మాత్రం సమర్థుడు. 2022 మార్చి 2న ఐక్యరాజ్యసమితి సాధారణ సభలో ఉక్రెయిన్‌పై రష్యా దాడిని ఖండించే తీర్మానానికి అనుకూలంగా 141, వ్యతిరేకంగా 5 ఓట్లు రాగా 35 దేశాలు ఓటింగుకు దూరంగా ఉన్నాయని, ఆ 35లో భారత్ ఎందుకు ఉన్నదో అర్థం కావాలంటే 1955లో ఆసియా, ఆఫ్రికా దేశాలు కూడిన బాండుంగ్ సమావేశాన్ని, 1961లో ఏ కూటమిలోనూ చేరని అలీన దేశాల తొలి సభ అయిన బెల్‌గ్రేడ్ సభను మాత్రమే కాక, మన సైన్యం ఎవరి ఆయుధాలపై ఆధారపడిందో, మన చమురు శుద్ధి కర్మాగారాలకు చౌక ముడిచమురు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలని చక్కగా వివరించారు. వెనుక వరుసలోని ఒక అమ్మాయి లేచి, “సార్, ఓటు వేయకపోవడం కూడా ఓటేనా అండీ?” అని తెలుగులోనే అడిగింది. మూడు రోజుల్లో నేను విన్న ప్రశ్నలన్నింటిలోకీ పదునైనది అదే. వక్త నోరు తెరిచేలోపే నిర్వాహకులు భోజనానికి వేళయిందని ప్రకటించారు. ప్రశ్నలకు దక్కినది మొత్తం ఏడు నిమిషాలు.

మరొక లోటు కూడా కనిపించింది. కొత్త హెచ్‌-1బి దరఖాస్తులపై 1,00,000 డాలర్ల రుసుమును 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ప్రకటించినప్పుడు తెలుగు ఇళ్లలో ఎంత కలవరం రేగిందో అందరికీ తెలిసిందే. అంతర్జాతీయ రాజకీయాల మీద హైదరాబాద్‌లో సభ పెట్టి ఆ ఊసే ఎత్తకపోవడం వింతగా తోచింది.

రెండవ రోజు గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. ఉదయమంతా ఒక శిక్షణ సంస్థ ప్రతినిధి పట్టుదల, కలలు, విజయం అంటూ మాట్లాడి చివరకు తమ బ్యాచ్ వివరాల కరపత్రాలు పంచారు. సివిల్స్ మెయిన్స్‌లో ర్యాంకు కోసం లెక్కించే 1750 మార్కుల్లో ఐచ్ఛికాంశంగా తీసుకునే రాజనీతిశాస్త్రం, అంతర్జాతీయ సంబంధాలకు 500 మార్కులు ఉంటాయని గాని, అధ్యాపక అర్హత కోసం రాసే నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధక వేతనం) సాధించి పరిశోధనలో చేరితే నెలకు 37,000 రూపాయలు వస్తాయని గాని ఆ వేదికపై ఎవరూ చెప్పలేదు. తిరుగు ప్రయాణంలో బస్సులో నేనే చెప్పుకోవలసి వచ్చింది. ఆ రోజు పరువు నిలబెట్టినది అదే విభాగంలో చదివి, ఇప్పుడు శాసన వ్యవహారాలపై పరిశోధన చేస్తున్న ఒక పూర్వ విద్యార్థిని. ఇరవై నిమిషాల పాటు తెలుగులో మాట్లాడుతూ, నలభై పేజీల బిల్లును చదివి అందులోని విషయాన్ని ఒక పేజీలో రాయగలిగిన వారికి ఢిల్లీలో పని దొరుకుతుందని, ఆ అలవాటును డిగ్రీలోనే మొదలుపెట్టవచ్చని ఆమె చెప్పారు. మా పిల్లలు నోటు పుస్తకం తెరిచినది అప్పుడే.

మూడవ రోజు శనివారం. సర్టిఫికెట్లు భోజనానికి ముందే పంచేయడంతో మధ్యాహ్నానికి సభ సగానికి పైగా ఖాళీ అయి, అరవై మందికి మించి మిగలలేదు. అదే మేలైంది. వక్త వేదిక దిగి, మైకు పక్కన పెట్టి, బల్లల మధ్య నిలబడి మాట్లాడారు. 1992 నాటి ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందంలోని ‘ఉమ్మడి, అయినా భిన్నమైన బాధ్యతలు’ అన్న మాటను ఆవిడ బోర్డు మీద రాసి, దాని కింద రెండు అంకెలు మాత్రం వేశారు: ఏడాదికి సగటు అమెరికా పౌరుడి వాటా సుమారు 14 టన్నుల కార్బన్ డయాక్సైడ్, సగటు భారతీయుడి వాటా సుమారు 2 టన్నులు. అక్కడితో ఆగితే అది మామూలు ఉపన్యాసమే అయ్యేది. ఆ 2 టన్నుల సగటులో బంజారాహిల్స్ వాటా ఎంత, అనంతపురం రైతు కూలీ వాటా ఎంత అని వెంటనే ఆవిడే ఎదురు ప్రశ్న వేశారు.

కాకినాడ జిల్లా నుంచి వచ్చిన ఒక కుర్రాడు ఉప్పాడలో సముద్రం కోసుకుపోయిన ఇళ్లకు పరిహారం ఎవరిని అడగాలన్నాడు. వాతావరణ మార్పు వల్ల నష్టపోయే వర్ధమాన దేశాల కోసం పెట్టే నష్ట పరిహార నిధికి 2022లో ఈజిప్టులోని షర్మ్ ఎల్‌ షేక్‌లో అంగీకారం కుదిరిందని, 2023లో దుబాయ్‌లో అది అమలుకు వచ్చిందని చెబుతూనే, తీరం కోతకు సముద్ర మట్టం పెరగడం ఒక్కటే కారణం కాదని, పైన కట్టిన ఆనకట్టల్లో గోదావరి ఒండ్రు నిలిచిపోవడం వంటి కారణాలు కూడా కలిసి ఉన్నప్పుడు ఏ ఇల్లు ఎవరి ఖాతాలోకి వస్తుందో తేల్చడమే ఈ న్యాయంలో అసలు చిక్కని ఆవిడ దాచకుండా చెప్పారు. పసిఫిక్ ద్వీపాల న్యాయశాస్త్ర విద్యార్థులు 2019లో తరగతి గదిలో ఎత్తిన, వాతావరణ మార్పు విషయంలో దేశాలకు చట్టరీత్యా ఉన్న బాధ్యత ఏమిటన్న ప్రశ్న, వనువాటు దేశం చొరవతో సాధారణ సభకు, అక్కడి నుంచి అంతర్జాతీయ న్యాయస్థానానికి చేరి, 2025 జులై 23న సలహా అభిప్రాయంగా వెలువడిన తీరును చెబుతున్నప్పుడు సభలో ఎవరూ ఫోను చూడలేదు.

ప్రశ్నలకు గంటా పది నిమిషాలు దక్కాయి. మొదటి రోజు జవాబు దొరకని ఆ అమ్మాయి అదే ప్రశ్నను మళ్లీ అడిగింది. వాతావరణ సదస్సుల్లో అసలు ఓటింగే ఉండదని, ఓటింగు నియమంపై దేశాలకు ఈనాటికీ ఏకాభిప్రాయం కుదరలేదు గనుక నిర్ణయాలన్నీ ఏకాభిప్రాయంతోనే జరుగుతాయని వక్త వివరించారు. 2024లో బాకూలో జరిగిన వాతావరణ సదస్సులో, 2035 నాటికి వర్ధమాన దేశాలకు ఏటా 300 బిలియన్ డాలర్లు సమకూర్చాలన్న నిర్ణయం ఆమోదం పొందినట్లు అధ్యక్షుడు బల్లపై సుత్తితో కొట్టి ప్రకటించిన తరువాతే భారత ప్రతినిధికి అభ్యంతరం చెప్పే అవకాశం వచ్చిందని, నిర్ణయం మాత్రం అలాగే నిలిచిందని చెప్పి, “మన దగ్గర మౌనం అర్ధాంగీకారం అంటాం కదమ్మా, అక్కడ పూర్తి అంగీకారమే” అన్నారు.

వచ్చే ఏడాది మళ్లీ నిర్వహిస్తే నేను విద్యార్థులను మూడవ రోజుకే తీసుకువెళతాను. ఒక్క రోజుకు విడిగా నమోదు చేసుకునే వీలు కల్పించమని విభాగానికి ఉత్తరం కూడా రాశాను. భోజనం బాగుంది, గోంగూర పచ్చడి మరీ బాగుంది.