పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్: చూడవలసింది స్కోరు కాదు, దాని పైనున్న భాగం

వెబ్‌సైట్ నెమ్మదిగా తెరుచుకుంటోందన్న ఫిర్యాదు వచ్చినప్పుడు, లోపం ఎక్కడుందో తెలుసుకోవడానికి నేను ముందుగా ఆశ్రయించేది గూగుల్ ఉచితంగా అందిస్తున్న పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌నే. ఖాతా తెరవనక్కరలేదు, ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు. పేజీ చిరునామా ఇస్తే కాసేపట్లో నివేదిక వచ్చేస్తుంది. అందరి చూపూ వెంటనే వందకు ఇన్ని మార్కులని చూపే వృత్తం మీదికి పోతుంది గానీ, నా దృష్టిలో ఈ సాధనం అసలు విలువ ఆ వృత్తానికి పైన ఉన్న భాగంలో ఉంది.

అక్కడ కనిపించేవి నిజమైన సందర్శకుల అనుభవాలు. క్రోమ్ వాడేవారి నుంచి గడచిన 28 రోజుల్లో సేకరించిన కొలతలను తీసుకుని, ప్రతి నలుగురిలో కనీసం ముగ్గురికి మంచి అనుభవం దక్కుతోందా అన్నది చూస్తారు. పేజీ పైభాగంలోని అతిపెద్ద బొమ్మ లేదా పాఠ్యం 2.5 సెకన్లలోపు కనిపించాలి (ఎల్‌సీపీ). బటన్ నొక్కినప్పుడు 200 మిల్లీసెకన్లలోపు తెర స్పందించాలి (ఐఎన్‌పీ). చదువుతుండగా అక్షరాలు, బొమ్మలు చోటు మారిపోకూడదు, ఆ కదలికను కొలిచే అంకె 0.1 దాటకూడదు (సీఎల్‌ఎస్). వీటిలో ఐఎన్‌పీ 2024 మార్చిలో ఎఫ్‌ఐడీ అనే పాత కొలత స్థానంలోకి వచ్చింది. పాత కొలత మొదటి స్పందనకు ముందు పట్టే నిరీక్షణను మాత్రమే లెక్కించేది. కొత్తది పేజీలో ఉన్నంతసేపూ జరిగే స్పందనలన్నిటినీ గమనిస్తుంది. ఈ మార్పు ఎంతో అవసరమైనదని నా అభిప్రాయం, ఎందుకంటే జావాస్క్రిప్ట్ (పేజీలో నడిచే ప్రోగ్రామ్ కోడ్) భారంతో మొరాయించే పేజీలు ఎన్నో పాత కొలతలో సులువుగా గట్టెక్కేవి.

కింద ఉన్న స్కోరు సంగతి వేరు. అది లైట్‌హౌస్ అనే పరీక్ష ఫలితం: ఒక మధ్యతరహా ఫోను, నెమ్మదైన 4జీ ఉన్నట్టుగా అనుకరించి పేజీని ఒక్కసారి తెరిచి చూస్తుంది. అదే పేజీని మళ్ళీ పరీక్షిస్తే మార్కులు కొంత అటూ ఇటూ అవుతాయి. పరీక్షలో బటన్ నొక్కే మనిషి ఉండడు కనుక ఐఎన్‌పీ తేలదు. దానికి బదులు స్క్రిప్టుల వల్ల బ్రౌజర్ ఎంతసేపు బిగుసుకుపోయిందో కొలిచి, స్కోరులో 30 శాతం దానికే కేటాయిస్తారు. అందువల్ల ఆకుపచ్చ వృత్తం వచ్చినంత మాత్రాన సందర్శకులు సుఖంగా ఉన్నారని అనుకోలేము. నూటికి నూరు రావాలని పట్టుబట్టే యజమానులకు నేను చూపించేది పై భాగాన్నే.

లోపాన్ని పట్టివ్వడంలో మాత్రం ఈ లైట్‌హౌస్ భాగం నిజంగా గట్టిది. ఎల్‌సీపీ సమయాన్ని అది నాలుగు ముక్కలుగా విడదీసి చూపిస్తుంది: సర్వర్ నుంచి తొలి బైటు రావడానికి పట్టిన కాలం, బొమ్మ కోసం అభ్యర్థన వెళ్ళేలోగా జరిగిన జాప్యం, బొమ్మ దిగుమతి, చివరగా అది తెరమీద కనిపించేలోగా గడిచిన కాలం. ఒక సైట్ మొదటి పేజీలో పైనున్న పెద్ద బొమ్మను వెబ్‌పీ అనే తేలికైన బొమ్మల ఫార్మాట్‌లోకి మార్చి, పరిమాణం బాగా తగ్గించినా ఫలితం లేకపోయింది. నివేదిక చూస్తే కాలమంతా రెండో ముక్కలోనే పోతోంది. సైట్‌లోని ఒక ప్లగిన్ (అదనంగా చేర్చుకునే సాఫ్ట్‌వేర్), మిగతా బొమ్మలన్నిటితో పాటు దానికి కూడా లేజీ లోడింగ్ (అవసరం వచ్చేదాకా బొమ్మను తెప్పించకుండా ఆపే పద్ధతి) తగిలించింది. దాంతో పేజీ అమరిక తేలేదాకా బ్రౌజర్ ఆ బొమ్మను అడగనే లేదు. ఆ ఒక్క బొమ్మకు లేజీ లోడింగ్ తీసేసి, ఫెచ్‌ప్రయారిటీ హై అని (దీన్ని ముందుగా తెప్పించమని బ్రౌజర్‌కు చెప్పే సూచన) చేర్చగానే జాప్యం దాదాపు మాయమైంది. ఈ విడదీత లేకపోతే బొమ్మను ఇంకా ఇంకా కుదిస్తూనే ఉండేవాళ్ళం.

కొరతలు లేకపోలేదు. సందర్శకులు తక్కువగా ఉండే సైట్లకు పై భాగం ఖాళీగానే ఉంటుంది. ఐఫోన్‌లో క్రోమ్ వాడేవారు లెక్కలోకే రారు. ఈ రోజు చేసిన సవరణ ఫలితం పై అంకెల్లో పూర్తిగా ప్రతిఫలించడానికి 28 రోజులు పడుతుంది కనుక, మర్నాడే చూసి నిరాశపడనక్కరలేదు. లాగిన్ అయితే తప్ప కనిపించని పేజీలను ఇది పరీక్షించలేదు. వాటికి క్రోమ్ డెవలపర్ టూల్స్‌లోని పెర్ఫార్మెన్స్ ప్యానెల్‌ను తెరిచి, మీరే బటన్లు నొక్కుతూ చూడండి, ఏ నొక్కుకు ఎంత ఆలస్యమైందో అక్కడికక్కడే కనిపిస్తుంది.