స్కాట్లాండ్ గురించి చదవాలంటే: తాత కథలా, పాస్టర్ రాతలా?

స్కాట్లాండ్ చరిత్ర మొదలుపెట్టాలంటే వాల్టర్ స్కాట్ ‘టేల్స్ ఆఫ్ ఎ గ్రాండ్‌ఫాదర్’ సులువైన దారి. మనవడి కోసం రాసిన ఈ కథల మొదటి భాగం 1827 చివర్లో వచ్చింది. ఇంగ్లండ్‌తో పోరాడిన వాలెస్, రాజు బ్రూస్, ఇంగ్లండ్ సేనను బ్రూస్ ఓడించిన 1314 నాటి బానక్‌బర్న్ యుద్ధం... ఎక్కడా విసుగు రాదు. అయితే ఓడిపోయిన బ్రూస్ సాలీడును చూసి ధైర్యం తెచ్చుకున్నాడనే కథ జనంలో పాకింది ఎక్కువగా ఈ పుస్తకం వల్లే. దానికి ఆ కాలపు ఆధారం ఏదీ లేదు. కాబట్టి పక్కన ఈ మధ్య వచ్చిన చరిత్ర పుస్తకం ఒకటి ఉండాలి.

జనం నమ్మకాలు తెలియాలంటే మాత్రం నా ఓటు రాబర్ట్ కిర్క్ ‘ది సీక్రెట్ కామన్‌వెల్త్’కే. కిర్క్ స్కాట్లాండ్‌లోని అబర్‌ఫాయిల్ అనే ఊళ్లో పాస్టర్, అక్కడి పాత భాష గేలిక్ వచ్చినవాడు. 1690ల మొదట్లో రాసినా 1815 దాకా అచ్చు కాలేదు. నేల కింద ఉండే ఫెయిరీలు, అంటే మామూలు కళ్లకు కనపడని మాయాజీవులు, ఏడాదికి నాలుగుసార్లు ఇళ్లు మారతారట. వాళ్లను చూడగల దృష్టి ఉన్నవాళ్లు ఆ రోజుల్లో ప్రయాణాలు మానుకుంటారట. ఎంత ఇష్టంగా రాశాడో! ఎక్కడా వెక్కిరింపు లేదు, అవన్నీ నిజమనే నమ్మాడు. 1692లో ఆయన చనిపోతే ఫెయిరీలే తీసుకుపోయాయని ఊళ్లో చెప్పుకున్నారు.

భాష పాతది, వాక్యాలు పొడవు. చిన్న పుస్తకమే కానీ నెమ్మదిగా చదవాలి. పిల్లలతో కలిసి చదివేవాళ్లు స్కాట్‌తో మొదలుపెట్టండి. జానపదం మీద మక్కువ ఉంటే నేరుగా కిర్క్ దగ్గరికే వెళ్లండి. కాపీరైట్ తీరిపోయింది కాబట్టి రెండూ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి.