పుణెలో స్వచ్ఛ్ సేవ: చెత్త వేరుచేయడానికి చేతులే మేలు

పుణె నగరంలో ఇంటింటికీ వచ్చి చెత్త తీసుకెళ్ళే స్వచ్ఛ్ సహకార సంఘం సేవను మా అపార్ట్‌మెంట్‌లో వాడుతున్నాం. చెత్త ఏరి బతికే కార్మికుల యూనియన్ 1993లో ఏర్పడగా, దాని నుంచి పుట్టిన ఈ సంఘం 2008లో నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకుంది. సభ్యుల్లో ఎక్కువమంది మహిళలే. పర్యావరణపరంగా చూస్తే యంత్రాలపై ఆధారపడిన ఏర్పాటు కంటే ఈ సేవే మెరుగని నా దృఢమైన అభిప్రాయం.

చెత్తను ఎక్కడ వేరుచేస్తున్నారన్నదే ఇందులో కీలకం. అన్నీ కలిపి లారీలో కుక్కితే అన్నం మెతుకులు, కూరల పులుసు పట్టిన అట్టపెట్టెలు, ఆ తరువాత ఎంత ఖరీదైన యంత్రం తెచ్చినా, చాలావరకు డంపింగ్ యార్డుకే పోతాయి. ఇక్కడ మా గుమ్మం దగ్గరే తడి, పొడి విడివిడిగా తీసుకున్న ఆవిడ, కింద తోపుడు బండి పక్కన కూర్చుని పొడి చెత్తను గోనెసంచుల్లోకి ఏరుతుంది. అనుమానం వచ్చిన కవరును గుప్పిట్లో నలుపుతుంది. మెత్తగా నలిగితే పాల కవర్లలోకి, గరగరమంటే మరో సంచిలోకి. ఏరిన సరుకు అమ్ముకునే హక్కు ఆవిడదే కాబట్టి చిన్న సీసా మూత కూడా వదలదు. నాకు అన్నిటికంటే నచ్చిన ఏర్పాటు ఇదే.

పరారుణ కాంతితో ప్లాస్టిక్ రకాన్ని పసిగట్టి, గాలి ఊది వేరుచేసే యంత్రాల వేగాన్ని మనుషులు అందుకోలేని మాట నిజమే. కానీ మసి కలిపిన నల్ల ప్లాస్టిక్ ఆ కాంతిని పీల్చేసుకోవడం వల్ల సాధారణ యంత్రాలు దాన్ని గుర్తించలేవు. పైగా బెల్టులు తిప్పడానికి, గాలిని ఒత్తిడితో నింపడానికి కరెంటు ఖర్చవుతుంది. బేళ్ళు కట్టడానికి, బరువులు ఎత్తడానికి మాత్రం యంత్రాలు తప్పక రావాలి, ఆ పనులు మనుషుల నడుములు విరుస్తున్నాయి.

అసలు లోపం వాడుకునే మన దగ్గరే ఉంది. శానిటరీ ప్యాడ్లను కాగితంలో చుట్టి ఎర్రచుక్క పెట్టి ఇమ్మని సంఘం కోరుతున్నా, మా భవనంలో కొందరు వాటిని పొడి చెత్తలోనే పడేస్తున్నారు, వాటిని ఆవిడ చేతితో తీయాల్సి వస్తోంది. కొత్తగా ఈ సేవ తీసుకునేవారు పాల కవర్లను కడిగి ఆరబెట్టి ఇవ్వండి, పగిలిన గాజును విడిగా చుట్టి చెప్పి ఇవ్వండి, నెలవారీ రుసుము నేరుగా ఇంటికి వచ్చేవారికే అందుతుంది కనుక ఆలస్యం చేయకండి.