సెంట్రీ: రన్‌టైమ్ దోషం ఎక్కడ పుట్టిందో చెప్పే సేవ

సాఫ్ట్‌వేర్‌లో కంపైలర్ (రాసిన కోడ్‌ను యంత్రం నడపగల రూపంలోకి మార్చే ప్రోగ్రామ్) పట్టుకునే తప్పులు పెద్ద ఇబ్బంది పెట్టవు. రాసినవారి కంప్యూటర్‌లో చక్కగా నడిచి, వాడేవారి చేతికి వెళ్ళాక ఆగిపోయే దోషాలే అసలైన పరీక్ష, ఎందుకంటే అవి పుట్టిన క్షణంలో వాటిని అర్థం చేసుకోగల మనిషి అక్కడ ఉండడు. అలాంటి రన్‌టైమ్ దోషాలను (నడుస్తుండగా వచ్చేవి), ఎక్సెప్షన్లను (తప్పు జరిగినప్పుడు ప్రోగ్రామ్ లేవనెత్తే సంకేతాలు) దూరం నుంచే నమోదు చేసి చూపించే సేవల్లో సెంట్రీ ఒకటి. రుషికొండలో మా చిన్న బృందం విశాఖపట్నం, అనకాపల్లి, పాడేరు ప్రాంతాల్లోని రక్తపరీక్ష కేంద్రాలకు బుకింగులు, రిపోర్టుల సాఫ్ట్‌వేర్ అందిస్తోంది. సర్వర్ భాగం పైథాన్ భాషలో వెబ్ సేవలు కట్టే చట్రమైన జాంగోపైన, కౌంటర్లలో రిపోర్టులు ముద్రించే పైథాన్ ప్రోగ్రామ్ విండోస్‌పైన, ఇళ్ళకు వెళ్ళి నమూనాలు సేకరించేవారి యాప్ ఆండ్రాయిడ్‌పైన నడుస్తాయి. ఈ మూడింటిలోనూ సెంట్రీని వాడుతున్నాం.

2008లో డేవిడ్ క్రేమర్ జాంగో కోసం రాసిన చిన్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుగా ఇది మొదలైంది. ఇప్పుడు చాలా భాషలకు విస్తరించినా, పైథాన్‌తో దీనికున్న పొందికలో ఆ మూలం కనిపిస్తూనే ఉంటుంది. ప్యాకేజీని చేర్చి, ప్రోగ్రామ్ మొదలయ్యే చోట మన ప్రాజెక్టుకు కేటాయించిన చిరునామా ఇస్తే చాలు. ఆ తర్వాత ఎవరూ పట్టుకోకుండా పైదాకా వచ్చిన ప్రతి ఎక్సెప్షన్‌నూ అది స్వయంగా నమోదు చేస్తుంది. ఎక్సెప్షన్ రకం, సందేశం, ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ను పిలిచిందో తెలిపే స్టాక్ ట్రేస్, దోషం పుట్టిన వరుసకు పైనా కిందా ఉన్న కోడ్, ఆ సమయంలో వేరియబుళ్ళలో ఉన్న విలువలు, అంతకు ముందు ప్రోగ్రామ్ తన నడక గురించి రాసుకున్న లాగ్ సందేశాలు ఒకే పేజీలో కనిపిస్తాయి. ఒకే కారణంతో వందసార్లు వచ్చిన దోషాన్ని వంద వేర్వేరు ఫిర్యాదులుగా కాక, ఒకే ఇష్యూ కింద చేర్చి చూపిస్తుంది.

దీని విలువ ఎంతో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. గాజువాకలోని ఒక కౌంటర్ నుంచి ‘కొందరికి రిపోర్టు రావట్లేదండీ’ అని ఫోన్ వచ్చింది. ఎవరికి వస్తోంది, ఎవరికి రావడం లేదు అన్నది ఆ కౌంటర్‌లో ఉన్నవారికీ అర్థం కాలేదు, రుషికొండలో అదే ప్రోగ్రామ్‌ను నడిపి చూస్తే ఏ లోపమూ కనిపించలేదు. సెంట్రీ పేజీ తెరిస్తే అక్కడ యూనికోడ్ ఎన్‌కోడ్ ఎర్రర్ ఉంది, దాని కిందే రోగి పేరు తెలుగు అక్షరాల్లో ఉంది. పైథాన్‌లో ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ (అక్షరాలను అంకెలుగా దాచే పద్ధతి) ఏదో చెప్పకపోతే, అది ఆపరేటింగ్ సిస్టమ్ అమరికను అనుసరిస్తుంది. మేము పనిచేసే ఉబుంటు యంత్రాల్లో అది అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్-8, కౌంటర్‌లోని విండోస్‌లో అది పాత 1252 కోడ్ పేజీ. ఆ కోడ్ పేజీలో తెలుగు అక్షరానికి చోటే లేదు. పేరును ఇంగ్లిషులో నమోదు చేసినవారికి రిపోర్టు వస్తోంది, తెలుగులో నమోదు చేసినవారికి ఆగిపోతోంది. ఎన్‌కోడింగ్‌ను స్పష్టంగా రాయగానే సమస్య తీరింది. వేరియబుల్ విలువ కంటికి కనబడకపోతే ఆ కారణాన్ని ఊహించడం చాలా కష్టమయ్యేది.

అయితే ఈ సేవను కొనేవారు ముందుగా గ్రహించవలసిన విషయం ఒకటుంది. కోడ్ ఏ దోషాన్ని బయటకు రానిస్తుందో దాన్నే సెంట్రీ చూడగలదు. ట్రై (దోషం వస్తే పట్టుకోవడానికి పైథాన్‌లో రాసే మాట) కింద పదిహేను వరుసలు రాసి, ఏ ఎక్సెప్షన్ వచ్చినా పట్టుకుని పాస్ (ఏమీ చేయకు) అని వదిలేసే అలవాటు ఉన్నచోట, ఆ దోషం సెంట్రీ దాకా చేరదు. ఉదాహరణకు, రిపోర్టు సిద్ధమైందని ఎస్‌ఎమ్‌ఎస్ పంపే భాగాన్ని అలా రాస్తే, సందేశాలు ఎవరికీ అందకపోయినా తెర మీద ఒక్క ఇష్యూ కూడా కనిపించదు. నొప్పి తెలియకుండా మాత్ర ఇచ్చి రోగాన్ని లోపలే పెరగనివ్వడం వంటిది ఈ పద్ధతి. ప్రోగ్రామ్ ఆగిపోవడం కంటే, తప్పు ఫలితంతో ఆగకుండా సాగిపోవడమే ఎక్కువ హాని చేస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. పరీక్ష ఫలితాలతో పనిచేసే సాఫ్ట్‌వేర్‌లో ఇది మరింత నిజం.

కాబట్టి సెంట్రీ నుంచి పూర్తి ప్రయోజనం పొందాలంటే ముందు ఎక్సెప్షన్లను పట్టుకునే తీరును సరిదిద్దుకోవాలి. ఏ దోషం వస్తే ఏం చేయాలో మనకు తెలుసో ఆ దోషాన్ని మాత్రమే, దాని పేరుతోనే పట్టుకోవాలి. ఎస్‌ఎమ్‌ఎస్ సర్వర్ గడువులోగా జవాబివ్వకపోతే కాసేపాగి మళ్ళీ ప్రయత్నించడం తెలిసిన పరిష్కారం, కనుక టైమవుట్‌ను పట్టుకోవడం సబబు. డిక్షనరీలో (పేరును బట్టి విలువను వెతికే పట్టికలో) ఫోన్ నంబరు అనే కీ లేకపోవడం అలాంటిది కాదు, అది పైకి పోవాలి. పట్టుకున్న తర్వాత కూడా విషయం మనకు తెలియాలనుకుంటే క్యాప్చర్ ఎక్సెప్షన్ అనే ఫంక్షన్‌ను పిలవవచ్చు, లేదా పైథాన్ లాగర్‌తో ఎర్రర్ స్థాయిలో రాయవచ్చు. ఆ స్థాయి లాగ్ సందేశాలను సెంట్రీ తనంతట తానే దోషాలుగా స్వీకరిస్తుంది. ఒక ఎక్సెప్షన్‌ను పట్టుకుని దాని స్థానంలో మన సొంత ఎక్సెప్షన్‌ను లేవనెత్తేటప్పుడు రెయిజ్ ఫ్రమ్ అని రాస్తే, సెంట్రీ పేజీలో మూలకారణం, దాని పర్యవసానం రెండూ వరుసగా కనిపిస్తాయి. కొత్తగా చేరిన పిల్లలకు ఈ పేజీ చూపిస్తూ ఎక్సెప్షన్ల గురించి చెబితే, పాఠంగా చెప్పినదాని కంటే త్వరగా పట్టుకుంటున్నారు.

రెండో జాగ్రత్త గోప్యతకు సంబంధించినది. వేరియబుళ్ళ విలువలు కనిపించడం ఎంత ఉపయోగమో అంత ప్రమాదం కూడా. పైథాన్‌లో స్థానిక వేరియబుళ్ళను పంపే అమరిక మొదటి నుంచే తెరిచి ఉంటుంది. పాస్‌వర్డ్, సీక్రెట్ వంటి పేర్లున్న వేరియబుళ్ళను సెంట్రీ గుర్తించి విలువను చెరిపేస్తుంది గానీ, రోగి పేరునో హెచ్‌ఐవీ పరీక్ష ఫలితాన్నో అది గుర్తుపట్టలేదు. వాటిని ఆ నిషేధ జాబితాలో మనమే చేర్చాలి, లేదా దోషం బయటకు వెళ్ళే ముందు నడిచే బిఫోర్ సెండ్ అనే ఫంక్షన్‌లో తుడిచివేయాలి. మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, సెంట్రీ ఖాతా తెరిచేటప్పుడు డేటాను అమెరికాలో ఉంచాలా జర్మనీలో ఉంచాలా అని అడుగుతారు. వైద్య రంగానికి పనిచేసే బృందాలు సేవను మొదలుపెట్టక ముందే ఇలాంటి వివరాలను తుడిచివేసే ఏర్పాటును పూర్తిచేసి తీరాలి.

పాడేరు ఘాట్ రోడ్డు మీద సిగ్నల్ పోవడం మామూలే. ఆండ్రాయిడ్ యాప్‌లో వచ్చిన దోషాలను సెంట్రీ ఫోన్‌లోనే దాచి, నెట్‌వర్క్ తిరిగి రాగానే పంపుతుంది, అక్కడ ఇది ఎంతో ఆదుకుంది. పైథాన్ ప్రోగ్రామ్‌లకు అలా డిస్క్‌పై దాచే ఏర్పాటు సహజంగా లేదు, కనుక కౌంటర్ యంత్రాల్లో స్థానిక లాగ్ ఫైలును కూడా ఉంచుకోవడం మంచిది.

ఉచిత ఖాతా ఒక్క వ్యక్తికే, నెలకు 5,000 దోషాల వరకే. ఒక లూప్‌లో పడిన నెట్‌వర్క్ దోషం ఆ కోటా మొత్తాన్ని ఒక్క రాత్రిలో తినేయగలదు, కాబట్టి పట్టించుకోనవసరం లేని రకాలను మొదటి వారంలోనే వడకట్టాలి. బృందంగా పనిచేసేవారికి డబ్బు చెల్లించే ఖాతా తప్పదు, డాలర్లలో ఉండే ఆ రుసుము చిన్న సంస్థలకు కొంత బరువే. సెంట్రీని సొంత సర్వర్‌పై నడుపుకొనే వీలు కూడా ఉంది. 2023 నుంచి దాని కోడ్ ఫంక్షనల్ సోర్స్ లైసెన్స్ కింద వస్తోంది. పోటీ సేవగా అమ్ముకోనంత వరకు వాడుకోవచ్చు, ప్రతి విడుదలా రెండేళ్ళ తర్వాత ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోగల అపాచీ లైసెన్స్ కిందకు మారుతుంది. రోగుల వివరాలు తమ ప్రాంగణం దాటకూడదని పట్టుబట్టే ఆసుపత్రులకు నేను ఈ దారినే సూచిస్తాను, అయితే దానికి కనీసం 16 జీబీ మెమరీ ఉన్న యంత్రమూ, డాకర్ (ప్రోగ్రామ్‌లను వాటికి కావలసినవన్నీ కలిపి పెట్టెల్లా నడిపే సాధనం) తెలిసి, అప్‌గ్రేడ్‌లను శ్రద్ధగా చూసుకునే ఒక మనిషీ కావాలి.