హ్యాంగర్ ఇల్లు కట్టే ముందు చూసి రావాల్సిన మూడు ఎయిర్‌పార్కులు

ఇంటి గోడకు ఆనుకునే విమానం పెట్టుకోవాలనే ఆలోచన ఉంటే, ఆర్కిటెక్టుతో ప్లాను గీయించే ముందు అమెరికాలోని ఎయిర్‌పార్కుల్లో, అంటే రన్‌వే పక్కనే ఇళ్ళూ విమానం పెట్టుకునే షెడ్లూ (హ్యాంగర్లు) ఉండే కాలనీల్లో, ఒక వారం తిరిగి రావడం లాభం. ఫొటోల్లో ఇల్లు, విమానం బాగానే కనిపిస్తాయి. రన్‌వే నుంచి ఇంటిదాకా దారి ఎవరిది, తలుపు ఎటు లేస్తుంది, ఇంటికీ హ్యాంగర్‌కీ మధ్య గోడలో ఏముంది అన్నవి అక్కడ నిలబడి చూస్తేనే తెలుస్తాయి.

మొదట కాలిఫోర్నియాలో కామెరాన్ పార్క్. శాక్రమెంటో నుంచి హైవే 50 మీద తూర్పుకు సుమారు 30 మైళ్ళు. ఎయిర్‌పోర్టు అందరూ వాడుకునేదే, రన్‌వే సుమారు 4,000 అడుగులు. చుట్టూ బోయింగ్ రోడ్, సెస్నా డ్రైవ్ లాంటి పేర్లున్న వీధులు. కార్లూ విమానాలూ ఒకే రోడ్డు మీద నడుస్తాయి కాబట్టి వీధి వెడల్పు 100 అడుగులు. బోర్డులు, పోస్టు పెట్టెలు రెక్కకు తగలనంత పొట్టివి. ఎదురుగా విమానం వస్తే కారే పక్కకు జరగాలి. ఇక్కడ ఇళ్ళకన్నా వీధి, ఇంటి ముందు వాలు కలిసే చోటు చూడండి. అక్కడుండే కాలువలో విమానం ముందు చక్రం దిగితే ముక్కు వంగి ప్రొపెల్లర్ కొస నేలకు తగలొచ్చు. నేలకూ దానికీ మధ్య ఉండేది కొన్ని అంగుళాలే. వాలు నిటారుగా ఉంటే విమానాన్ని లోపలికి తోసే కరెంటు టగ్ వానలో జారుతుంది. బసకు హైవే పక్కన హోటళ్ళు చాలు, ఎక్కువ ఎంపిక కావాలంటే ఫాల్సమ్‌లో దిగొచ్చు. వేసవి మధ్యాహ్నాలు మండిపోతాయి, పొద్దున్నే తిరిగేయండి. కార్చిచ్చు భయమున్న ప్రాంతం కాబట్టి నిప్పురవ్వలు దూరని వెంట్లు, తలుపు అడుగున రబ్బరు సీలు ఎలా వేశారో అడగండి.

ఫ్రెస్నోలో సియెర్రా స్కై పార్క్ 1946 నాటిది. ఈ తరహా కాలనీలకు మొదటిది. దారిలో పడితే ఒక గంట చాలు.

రెండోది ఫ్లోరిడాలో పోర్ట్ ఆరెంజ్ దగ్గరి స్ప్రూస్ క్రీక్. రెండో ప్రపంచయుద్ధంలో నౌకాదళం వాడుకున్న ఎయిర్‌ఫీల్డ్ ఇది, రన్‌వే 4,000 అడుగులు. సుమారు 1,300 ఇళ్ళు, 700 హ్యాంగర్లు. అన్నిరకాల కట్టడాలూ ఒకేచోట కనబడతాయి కాబట్టి పోల్చుకోవడానికి దీన్ని మించింది లేదు. అయితే గేటు ఉంది. లోపల ఉండేవాళ్ళు పిలవాలి, లేదా ఇళ్ళు అమ్మే ఏజెంటు వెంట రావాలి. సొంత విమానంలో వచ్చేవాళ్ళకూ ముందస్తు అనుమతి తప్పదు. అది లేకపోతే న్యూ స్మిర్నా బీచ్‌లో దిగి కారు తీసుకోవడం తేలిక. బస డేటోనా బీచ్‌లో దండిగా దొరుకుతుంది, కానీ ఫిబ్రవరిలో కార్ల రేసు, మార్చిలో బైక్ వీక్ ఉన్నప్పుడు గదుల ధరలు ఆకాశాన్నంటుతాయి. ఆ వారాలు వదిలేయండి.

ఇక్కడ నేర్చుకోవాల్సింది తుఫాను గాలి గురించి. హ్యాంగర్ తలుపంత పెద్ద కంత గోడలో ఇంకెక్కడా ఉండదు కాబట్టి బలహీనం అక్కడే. తలుపు లోపలికి విరిగితే గాలి హ్యాంగర్‌ను ఉబ్బించి, కప్పును కింద నుంచి ఎత్తేస్తుంది. అందుకే తలుపుకు ఎంత గాలి ఒత్తిడికి సర్టిఫికెట్ ఉందో, మూశాక పక్కల గొళ్ళేలు ఎన్ని పడతాయో చూడాలి.

తలుపుల్లో రెండు రకాలే ఎక్కువ. నడుమ మడిచి పైకి లేచేది బైఫోల్డ్. మడత కిందికి వేలాడుతుంది కాబట్టి గోడ ఎత్తు ముందే పెంచకపోతే ఒకటి రెండు అడుగుల దారి పోతుంది. ఒకే పలకగా బయటికి లేచేది హైడ్రాలిక్. తెరిస్తే చక్కటి పందిరి, తల ఎత్తు ఏమీ పోదు. కానీ ముందు తలుపు ఎత్తంత ఖాళీ స్థలం కావాలి, బరువంతా పక్క స్తంభాలు మోయాలి. స్టీలు ఫ్రేము ఆర్డరిచ్చాక మనసు మార్చుకుని హైడ్రాలిక్ పెట్టిస్తే స్తంభాలు వంగి తలుపు ఓరగా పడుతుంది. తలుపు కంపెనీ ఇచ్చే లోడ్ల కాగితం బిల్డింగు ఇంజనీరు చేతికి అందాకే పునాది తవ్వాలి.

మూడోది ఓరెగాన్‌లో ఇండిపెండెన్స్, సేలం నుంచి కారులో అరగంట లోపే. విల్లమెట్ నది ఒడ్డున చిన్న ఊరు. బస ఊళ్ళోనో సేలంలోనో. ఎయిర్‌పోర్టు రాష్ట్ర ప్రభుత్వానిది, ఇళ్ళు మాత్రం కంచెకు అవతల ప్రైవేటు స్థలంలో. కంచె దాటి ట్యాక్సీవే (విమానం రన్‌వేదాకా నడిచే దారి) మీదికి రావడానికి ఒప్పందం ఉంటుంది. 2012 నాటి కేంద్ర చట్టం ఇలాంటి ఒప్పందాలకు దారి తెరిచింది. స్థలం కొనేవాళ్ళు ఇంటి పత్రాలకన్నా ముందు చదవాల్సింది ఇదే: గడువు ఎంత, రుసుము ఎవరు పెంచుతారు, ఇల్లు అమ్మితే హక్కు కొత్తవాళ్ళకు పోతుందా. ట్యాక్సీవే మీదికి హక్కు లేకపోతే హ్యాంగర్ ఖరీదైన కారు షెడ్డే.

అందరూ వాడుకునే ఎయిర్‌పోర్టు దగ్గర కట్టేటప్పుడు ఎఫ్‌ఏఏకి (అమెరికా విమానయాన సంస్థ) కట్టడం గురించి తెలిపే 7460-1 ఫారం కనీసం 45 రోజుల ముందు పంపాలి. రన్‌వే 3,200 అడుగులు దాటితే రన్‌వే నుంచి ప్రతి 100 అడుగుల దూరానికి 1 అడుగు ఎత్తు, అంతకు తక్కువైతే ప్రతి 50 అడుగులకు 1 అడుగు లెక్క. ఇక్కడి రన్‌వే సుమారు 3,100 అడుగులు. అంటే రన్‌వేకు 600 అడుగుల దూరంలో, అదే మట్టం నేల మీద కట్టడం 12 అడుగులు దాటిందంటే ఫారం తప్పదు. హ్యాంగర్ ఏదైనా అది దాటుతుంది.

ఇక ఏ ఊళ్ళో ఇంటికైనా పిలిస్తే నేరుగా మధ్యగోడ దగ్గరికి వెళ్ళండి. చాలాచోట్ల ఆధారంగా తీసుకునే ఇంటర్నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం ఆ గోడ గంటసేపు మంట ఆపాలి, పునాది నుంచి కప్పు అడుగుదాకా తెంపు లేకుండా పోవాలి. ఇంట్లోకి తలుపు తనంతట తానే మూసుకోవాలి, దాని కింద 4 అంగుళాల కాలని గడప ఉండాలి. ఒలికిన పెట్రోలూ దాని ఆవిరీ నేలబారున పాకుతాయి, గడప ఉన్నది వాటిని ఆపడానికి. పడకగదిలోకి నేరుగా తలుపు పెట్టకూడదు. ఎక్కువగా తప్పు జరిగేది కప్పు దగ్గర: గోడ ఫాల్స్ సీలింగు దాకా లేచి ఆగిపోతుంది, పైన అటక ఇంటికీ హ్యాంగర్‌కీ ఒకటే. ఏసీ డక్టు హ్యాంగర్ గాలిని పీల్చకూడదు, స్విచ్చులూ సాకెట్లూ నేలకు 18 అంగుళాలకు పైనే ఉండాలి.

ఇదే కోడ్‌లో ఇంటి హ్యాంగర్‌కు హద్దు 2,000 చదరపు అడుగులు, 20 అడుగుల ఎత్తు. 45 బై 44 అంటే 1,980. సెస్నా 172 రెక్కలు 36 అడుగులు, సిర్రస్ ఎస్ఆర్22వి 38 పైచిలుకు, రెండూ హాయిగా పడతాయి. పిలాటస్ పీసీ-12 రెక్కలు 50 అడుగులు దాటతాయి, తోక 14. దానికోసం 60 బై 60 కడితే లెక్క మారిపోయి పెద్ద హ్యాంగర్ల నిబంధనలు, వాటితో మంటలార్పే ఏర్పాట్ల ఖర్చూ వచ్చి పడతాయి.

ఆ 1,980 చదరపు అడుగులకు 6 అంగుళాల మందం కాంక్రీటు అంటే సుమారు 37 క్యూబిక్ యార్డులు, వృథాతో 40 చెప్పాలి. నాలుగు లారీలు. రెండో లారీ ఆలస్యమైతే అతుకు పడుతుంది, తర్వాత చక్రం కింద పగిలేది అక్కడే. కింద ప్లాస్టిక్ షీటు వేయకపోతే తడి పైకొస్తుంది, నేల మీద వేసిన ఎపాక్సీ పూత పొరలుగా లేచిపోతుంది. తలుపు వైపుకు అడుగుకు ఎనిమిదోవంతు అంగుళం వాలితే 44 అడుగుల్లో అయిదున్నర అంగుళాల తేడా. ఇంటి తలుపు వెనక గోడకు పెట్టుకుంటే ఒలికిందంతా దానికి దూరంగా పారుతుంది.

బయల్దేరే ముందు ఇంటివాళ్ళను ఒకటి అడగండి: కరెంటు పోయినప్పుడు ఈ తలుపు ఎలా తెరుస్తారు? చేతిపంపో, డ్రిల్లు బిగించే చోటో చూపించగలిగితే ఆ తలుపు కంపెనీ పేరు రాసుకోండి. తడుముకుంటే వాళ్ళు అది ఎప్పుడూ ప్రయత్నించలేదన్నమాట.