అదనపు ఛార్జీ చెల్లించిన చైల్డ్ సీటు

నాలుగు రోజుల ప్రయాణంలో మేము తొమ్మిది ట్యాక్సీలు ఎక్కాం. ఏడింటి గురించి చెప్పవలసింది ఏమీ లేదు. మొదటి రోజు రాత్రి విమానాశ్రయం నుంచి ఎక్కిన కారును తలచుకుంటే మాత్రం ఇప్పటికీ కోపం ఆగదు.

మా పాపకు 14 నెలలు, బాబుకు ఆరేళ్లు. చైల్డ్ సీటు ఉన్న కారే కావాలని ముందురోజే బుక్ చేసి, మామూలు ఛార్జీ మీద మూడో వంతు అదనంగా చెల్లించాం. వచ్చిన కారులో సీటు ఉంది, కానీ పాప ముందుకు చూస్తూ కూర్చునేలా పెట్టారు. చేత్తో కదిపి చూస్తే జానెడు దూరం పక్కకు జరిగింది. సరిగా బిగించిన సీటును బెల్టు దూరే చోట పట్టుకుని ఊపితే 2.5 సెంటీమీటర్లకు మించి కదలకూడదు. పసిపిల్లలకు ఒంటితో పోలిస్తే తల బరువు ఎక్కువ, మెడ ఇంకా గట్టిపడి ఉండదు. అందుకే ఐక్యరాజ్యసమితి ఆర్129 ప్రమాణం ప్రకారం తయారైన సీట్లలో 15 నెలలు దాటేవరకు పిల్లలను కారు వెనుక వైపు చూసేలా కూర్చోబెట్టాలి.

సీటు తిప్పి బిగించమని అడిగితే డ్రైవరు, "ఇరవై నిమిషాల దారే కదండీ, అమ్మగారి ఒళ్లో కూర్చోబెట్టుకోండి" అన్నాడు. సీటు వదులుగా ఉండటం కంటే ఆ మాటే నన్ను ఎక్కువ బాధించింది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు సెకనులో పదో వంతులో ఆగిపోతే, పది కిలోల పాపను పట్టి ఉంచడానికి సుమారు 140 కిలోల బరువును ఆపేంత బలం కావాలి. ఎంత ప్రేమ ఉన్న చేతులకైనా అది సాధ్యం కాదు. తల్లి పెట్టుకున్న బెల్టులోనే బిడ్డనూ కలిపి కట్టడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే తల్లి బరువంతా బిడ్డ మీద పడుతుంది.

చివరికి నేనే సీటు వెనక్కి తిప్పి, బరువంతా దాని మీద మోపి బెల్టు లాగి బిగించాను. పావుగంట పట్టింది. పాప ఏడుపు, నా భార్య అలసట, డ్రైవరు విసుగు అన్నీ భరించాక వెయిటింగ్ ఛార్జీ కూడా కట్టాం. సీటు డబ్బు తిరిగి ఇవ్వమని అడిగితే, కారులో సీటు ఉంది కాబట్టి ఇవ్వలేమని సమాధానం వచ్చింది.

బాబు విషయంలో ఇబ్బంది పడలేదు, ఎందుకంటే వాడి మడత బూస్టర్ (బెల్టు సరిగ్గా పడేలా పిల్లలను కాస్త ఎత్తుగా కూర్చోబెట్టే సీటు) ఇంటి నుంచే తీసుకెళ్లాం. బూస్టర్ లేకపోతే బెల్టు వాడి మెడకు ఒరుసుకుంటుంది. వాడు దాన్ని చంక కిందకి తోసేస్తాడు. బెల్టు భుజం మధ్యగా, కింద పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీదుగా రావాలి. నన్నడిగితే, సామాను ఎంత పెరిగినా పాప సీటు కూడా వెంట తీసుకెళ్లడమే మేలు. అలా కుదరనివారు బుక్ చేసేటప్పుడే సీటు ఎంత బరువు, ఎంత ఎత్తు పిల్లలకు సరిపోతుందో, ఎటు తిరిగి ఉంటుందో ఫోన్ చేసి అడగాలి. పిల్లల ఒంటి మీద మందపాటి కోటు ఉంటే బెల్టు బిగించే ముందే తీసేయాలి. ఎయిర్‌బ్యాగ్ ఆన్‌లో ఉన్న ముందు సీటులో, వెనక్కి తిరిగి ఉండే చైల్డ్ సీటును ఎంత బతిమాలినా పెట్టనివ్వకూడదు.

చివరి రోజు వచ్చిన పెద్దాయనకు మాత్రం ఎంత చెప్పినా కృతజ్ఞత తీరదు. మేము అడగకముందే సీటు కవరు కింద కూరుకుపోయిన బకిళ్లను పైకి తీసి, వెనుక తలుపులకు చైల్డ్ లాక్ వేశారు. దారిలో బాబు బెల్టు విప్పుకుంటే, కోప్పడకుండా కారు పక్కకు ఆపి, "టక్‌మని వినిపిస్తేనే బండి కదులుతుంది నాన్నా" అన్నారు. దిగేటప్పుడు వాహనాలు వచ్చే వైపు తలుపు తెరవనివ్వలేదు. తానే చుట్టూ తిరిగి వచ్చి, కాలిబాట వైపు తలుపు తీసి, పిల్లలిద్దరూ పైకి ఎక్కేదాకా అక్కడే నిలబడ్డారు. అదనంగా ఇవ్వబోతే మీటరు చూపించి, అంతే తీసుకున్నారు.