లెవోడోపా చాలా ఏళ్లు వాడాక: నడకకి మేలు, గొంతుకి కొంతవరకే

ఒళ్లు వణికి, కదలికలు నెమ్మదించే జబ్బు పార్కిన్సన్స్‌కి లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్ర ఏళ్లుగా వాడుతున్నాను. నడకకీ చేతిపనికీ ఇంత మేలు చేసిన మందు నాకు ఇంకోటి లేదు. మాత్ర పనిచేస్తున్నంతసేపు చొక్కా గుండీలు నేనే పెట్టుకుంటాను. గొంతు విషయంలో మాత్రం ఆ మాట అనలేను.

నా మాట సన్నబడి, ఎత్తుపల్లాలు లేకుండా, చివరికొచ్చేసరికి వినపడకుండా పోతుంది. నాకేమో మామూలుగానే మాట్లాడుతున్నట్టు ఉంటుంది! మన గొంతు ఎంత తగ్గిందో మనకి తెలియకపోవడం కూడా ఈ జబ్బు లక్షణమేనట. మోతాదు పెంచితే కాళ్లూ చేతులూ తేలికపడ్డాయి, గొంతు కొంచెమే లేచింది. ఇంకా పెంచితే ఒళ్లు దానంతటదే మెలికలు తిరగడం మొదలై, ఊపిరి అదుపు తప్పి మాట తునకలైంది. డాక్టర్ మళ్లీ తగ్గించారు.

వణుక్కి ఇచ్చిన ట్రైహెక్సీఫెనిడిల్ అనే ఇంకో మందు నాకు పడలేదు. వణుకు తగ్గింది నిజమే, కానీ నోరు ఎండిపోయి నాలుక అంగిలికి అతుక్కునేది. అసలే సన్నని గొంతు, దానికి గరగర తోడైంది. డాక్టరే మెల్లమెల్లగా మాన్పించారు. ఇలాంటి మందులు సొంతంగా, ఒక్కసారిగా ఆపకూడదు.

గొంతుని నిజంగా లేపింది స్పీచ్ థెరపీ. ఎల్‌ఎస్‌వీటీ లౌడ్ అనే పద్ధతి, వారానికి 4 రోజులు, 4 వారాలు, రోజూ గంట. అందులో పట్టుకోవాల్సింది ఒక్కటే: గట్టిగా మాట్లాడాలి. మొదట్లో అరుస్తున్నానేమో అని టెన్షన్‌గా ఉండేది. ఇంట్లోవాళ్లు మాత్రం ఇప్పుడు సరిగ్గా వినపడుతోందన్నారు. తర్వాత కూడా రోజూ సాధన చేయాల్సిందే, వదిలేస్తే గొంతు మళ్లీ తగ్గుతుంది. నేను మాత్ర బాగా పనిచేసే వేళలోనే సాధన చేస్తాను, ముఖ్యమైన ఫోన్లు కూడా అప్పుడే. ప్రొటీన్ ఎక్కువున్న భోజనం లెవోడోపా ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది కాబట్టి భోజనానికి అరగంట ముందే మాత్ర వేసుకుంటాను.

నాకున్న బాధల్లా ఒకటే. పరీక్షలో వేళ్లు ఆడించమంటారు, నడిపించి చూస్తారు, గొంతు గురించి అడిగేవాళ్లు తక్కువ. మీరే అడగండి, మాట బాగా పడిపోయేదాకా ఆగకుండా మొదట్లోనే స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి పంపమనండి. నీళ్లు తాగేటప్పుడు పొలమారుతుంటే అదీ ఆ రోజే చెప్పండి, మింగడానికీ మాటకీ పనిచేసే కండరాలు చాలావరకు ఒకటే.